డ్యాష్‌బోర్డు దించే ముందు: కారు కూలింగ్ కాయిల్, హీటర్ కోర్ సమస్యలు - పరిష్కారాలు

కారు డ్యాష్‌బోర్డు వెనుక ఒకే నల్లటి ప్లాస్టిక్ పెట్టెలో రెండు కాయిళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఏసీ గ్యాస్ తిరిగేది ఈవాపరేటర్. మన మెకానిక్కులు దీనినే కూలింగ్ కాయిల్ అంటారు. ఇంజిన్ నుంచి వచ్చే వేడి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తిరిగేది హీటర్ కోర్. కొన్ని కార్లలో కూలింగ్ కాయిల్‌ను గ్లవ్ బాక్స్ వైపు నుంచి లాగవచ్చు గాని, చాలా కార్లలో ఏది మార్చాలన్నా డ్యాష్‌బోర్డు మొత్తం దించవలసిందే. అందువల్ల విప్పాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టినా తొందరపడవద్దని నా సలహా.

సమస్య: ఎడమ సీటు ముందు కార్పెట్ తడిసిపోతోంది

మా బావగారి కారుకు పాలకొల్లులో ఇదే జరిగింది. హీటర్ కోర్ పోయిందని, డ్యాష్‌బోర్డు దించాలని ఒక షెడ్డులో చెప్పారు. ఇంటికి తెచ్చాక ఒక తెల్లటి గుడ్డను కార్పెట్ మీద గట్టిగా అదిమి తీసి చూశాము. గుడ్డకు రంగు అంటలేదు, వేళ్లకు జిగురు తగలలేదు, తీపి వాసన లేదు. అంటే అది కూలెంట్ కాదు, గాలిలోని తేమ కూలింగ్ కాయిల్ మీద చేరి కారిన నీరే. డెల్టాలో వానకాలపు ఉక్కకు కాయిల్ మీద నీరు ధారగా దిగుతుంది. అది బయటికి పోయే డ్రెయిన్ పైపు పూడుకుపోతే లోపలికే పొంగుతుంది.

కారు కిందికి వంగి, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఇనుప గోడ దగ్గర ఆ రబ్బరు పైపును వెదికి, అందులోకి ముదురు కొబ్బరి ఈనె ఒకటి మెల్లగా పోనిచ్చాము. రెండు జానల లోపలే మెత్తగా అడ్డు తగిలింది. ఈనెను తిప్పి లాగేసరికి కుళ్లిన వేపాకు రెబ్బలు, నల్లటి బురద, వెనకాలే చెంబెడు నీరు వచ్చాయి. ఇనుప తీగ మాత్రం వాడరాదు; అది కాయిల్‌కు తగిలితే అంతవరకు లేని లీకు పుడుతుంది.

గుడ్డకు ఆకుపచ్చ, ఎరుపు వంటి కూలెంట్ రంగు అంటి, జిగురుగా ఉంటే అప్పుడు హీటర్ కోర్‌ను అనుమానించాలి.

సమస్య: గ్యాస్ నింపిన రెండు మూడు వారాలకే చల్లదనం తగ్గిపోతోంది

గ్యాస్ దానంతట అది అరిగిపోయే సరుకు కాదు, ఎక్కడో కారుతోంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిలు కూడా బయటికి వస్తుంది కనుక, ముందుగా కండెన్సర్ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలి), కంప్రెసర్ ముందు భాగం, పైపుల అతుకులు, గ్యాస్ నింపే వాల్వుల దగ్గర జిడ్డు మరకలు వెదకాలి. బయట ఎక్కడా లేకపోతేనే లోపలి కాయిల్ వంతు. మన దగ్గర ఆ కాయిల్ నిత్యం తడిగా ఉంటుంది. దాని రెక్కల మధ్య దుమ్ము, ఆకు కుళ్లు, ఉప్పుగాలి తెచ్చిన లవణం పేరుకుని అల్యూమినియానికి సూది మొనంత చిల్లులు పెడతాయి. చేల గట్ల పక్కన నిలిపే కార్లలోకి ఎలుకలు చేరి బ్లోయర్ (గాలి విసిరే ఫ్యాను)లో గూడు కట్టడం దీనికి తోడు.

రుజువు ఇలా చేసుకోవాలి. ఏసీ కాసేపు నడిపి ఆపి, పది పదిహేను నిమిషాల తరువాత డ్రెయిన్ పైపు మూతి దగ్గర ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ పెట్టాలి. చాలా కార్ల ఏసీల్లో ఉండే ఆర్-134ఏ గ్యాస్ గాలికంటే బరువైనది కనుక కిందికే దిగుతుంది. గ్యాస్‌లో యూవీ రంగు కలిపి ఉంటే, డ్రెయిన్ నీటిని నీలి లైటు కింద చూసినా తెలుస్తుంది.

గ్యాస్ ఒత్తిడి చూపే గేజ్ చూసి మోసపోయేవారు చాలామంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు, బయట 30 డిగ్రీల వేడిలో, ఆర్-134ఏ సుమారు 97 పీఎస్ఐ చూపుతుంది. అయితే లోపల ద్రవం కొంచెమే మిగిలి ఉన్నా అంతే చూపుతుంది. కనుక ఆ అంకె చూసి గ్యాస్ నిండుగా ఉందని అనుకోరాదు. అంతకంటే బాగా తక్కువ చూపితే మాత్రం లోపల దాదాపు ఏమీ లేదని అర్థం.

అరగంట చల్లగా వచ్చి, తరువాత గాలే తగ్గిపోయి, కాసేపు ఆపితే మళ్లీ బాగుంటే అది లీకు కాకపోవచ్చు. కాయిల్ మీద మంచు గడ్డకడుతోంది. క్యాబిన్ గాలి ఫిల్టర్‌ను, కాయిల్‌కు గుచ్చి ఉండే థర్మిస్టర్‌ను (చల్లదనం కొలిచే సెన్సర్‌ను) చూడాలి.

సమస్య: అద్దం లోపలివైపు జిడ్డు పొర, తీపి వాసన, కూలెంట్ తగ్గుదల

ఇది హీటర్ కోర్ లీకే. మన ప్రాంతంలో దీనికి ప్రధాన కారణం రేడియేటర్‌లో బోరు నీరు పోసే అలవాటు. తీరం వైపు ఊళ్లలో ఆ నీరు ఉప్పుగా ఉంటుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. తాత్కాలికంగా, ఇంజిన్ వైపు నుంచి లోపలికి వెళ్లే రెండు హీటర్ గొట్టాలను ఒకదానితో ఒకటి కలిపి, కోర్‌ను తప్పించవచ్చు. చాలా కార్లకు దీనివల్ల హాని లేదు. పుష్యమాసపు పొగమంచులో చించినాడ వంతెన దాటేటప్పుడు అద్దం మసకబారినా ఏసీతో తుడుచుకుపోతుంది కనుక, కొందరు ఏళ్ల తరబడి అలాగే నడుపుతున్నారు. నేను వారిని తప్పుపట్టను.

పరిష్కారం: కాయిళ్లు మార్చడం

గ్యాస్‌ను ఏసీ షాపులో మెషీను ద్వారా తీయించుకోవాలి. ఇంట్లో నట్టు వదులు చేసి గాలిలోకి వదలరాదు. ఆ ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చర్మానికీ కంటికీ తగిలితే గడ్డకట్టి గాయమవుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్‌ను బకెట్‌లోకి దించాలి. అది విషం, తియ్యగా ఉండడం వల్ల కుక్కలు తాగుతాయి. పంట బోదెలోకి పోయనేకూడదు. బ్యాటరీ నెగెటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగిన తరువాతే ఎయిర్‌బ్యాగ్ వైర్ల కప్లర్ ముట్టుకోవాలి. విప్పిన ఎయిర్‌బ్యాగ్‌ను ముఖం పైకి ఉండేలా పెట్టాలి.

హీటర్ పైపులు విడదీశాక, ఒక దానిలోకి సైకిల్ పంపుతో గాలి కొట్టి, రెండవ దాని నుంచి మిగిలిన కూలెంట్‌ను బకెట్‌లోకి తీయండి. లేకపోతే పెట్టె దించేటప్పుడు అదంతా కార్పెట్ మీదే ఒలుకుతుంది. ఏసీ పైపుల మూతులను విప్పిన క్షణమే ప్లాస్టిక్ కవరు, టేపుతో బిగించి కట్టాలి, ఎందుకంటే కంప్రెసర్‌లో వాడే పీఏజీ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఈ కారణంగానే నేను ఈ పనిని శ్రావణంలో కాక మాఘంలో పెట్టుకుంటాను.

పెట్టె ఒకసారి బయటికి వచ్చాక, పాత కారైతే రెండు కాయిళ్లూ మార్చడమే మేలు. కొత్త కాయిల్‌ను పాతదాని పక్కన పెట్టి పైపుల వంపు, మందం సరిచూడాలి. పైపుల అతుకుల్లోని రబ్బరు ఓ-రింగులు అన్నీ కొత్తవి వేసి, వాటికి కొద్దిగా ఏసీ ఆయిలు రాయాలి. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కాయిల్‌లోకి గ్యాస్‌ను కొలిచి వదిలేది), డ్రయర్ (గ్యాస్‌లోని తేమను పీల్చేది) కూడా కొత్తవే వేయాలి. కాయిల్ చుట్టూ ఉన్న స్పాంజి పట్టీని పాతదే వదిలేస్తే గాలి పక్కనుంచి పోతుంది. థర్మిస్టర్‌ను తీసిన రెక్కల వరుసలోనే తిరిగి గుచ్చాలి. అందుకు ముందుగా ఫోటో తీసుకోవడం అవసరం.

డ్యాష్‌బోర్డు ఎక్కించక ముందే పెట్టె అడుగున గ్లాసెడు నీరు పోసి, కారు కింద ధార పడుతోందో లేదో చూడాలి. షాపులో పైపుల్లోని గాలి, తేమ లాగేసేలా ముప్పావుగంట వ్యాక్యూమ్ పెట్టించి, అరగంట నిలుస్తుందో లేదో చూసి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాముల లెక్కనే గ్యాస్ తూచి నింపించాలి. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోసి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి ఇంజిన్ నడుపుతూ గాలి బుడగలు పోనివ్వాలి. ఆ తరువాత వారం రోజులు, ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ ట్యాంకులో మట్టాన్ని గుర్తు పెట్టుకుని చూస్తుండాలి.