ప్రజ్ఞా పరీక్షలు నేర్చుకుందాం – పాఠం 4: అంకెలు అప్పజెప్పించడం (ముందుగా వయసు లెక్క)

పోయిన పాఠంలో ఇచ్చిన వయసు లెక్క చాలామందికి తప్పింది. అది సరిచేయకుండా ముందుకు పోతే ఈ పాఠం దండగ. పరీక్ష తేదీ 2024 మార్చి 12, పుట్టిన తేదీ 2015 ఆగస్టు 25. జవాబు 8 సంవత్సరాల 6 నెలల 17 రోజులు.

12లోంచి 25 పోవు. మార్చి నుంచి ఒక నెల అప్పు తెచ్చుకోవాలి. ఆ నెలను 30 రోజులుగానే తీసుకోవాలి, ఫిబ్రవరికి 29 ఉన్నాయా అని చూడకూడదు. 42లోంచి 25 తీస్తే 17. నెలల్లో 2 మిగిలాయి, సంవత్సరం నుంచి 12 తెస్తే 14, అందులో 8 పోతే 6. 2023లోంచి 2015 పోతే 8. మీలో ఎక్కువమంది 17 రోజులంటే సగం నెల దాటిందని 7 నెలలకు తోసేశారు. అమెరికా మనస్తత్వవేత్త వెక్స్‌లర్ కట్టిన తరహా పరీక్షల్లో అలా తోయకూడదు, రోజులను వదిలేయాలి. మీ చేతిలో ఉన్న పరీక్ష మాన్యువల్ మరోలా చెబితే దాని మాటే చెల్లుతుంది.

అంతకన్నా పెద్ద తప్పు, పుట్టిన తేదీని బడి రికార్డు నుంచి తెచ్చుకోవడం. మన దగ్గర ఒకటో తరగతిలో చేర్చడానికి వయసు చాలకపోతే జూన్‌లో ఏదో ఒక తేదీ వేయించేయడం మామూలే. ఆధార్‌లోకి కూడా అదే ఎక్కుతుంది. దాని ఫలితం ఎంతో చూడండి. పిల్లవాడి మానసిక వయసు, అంటే వాడి జవాబులు ఏ వయసు పిల్లల స్థాయిలో ఉన్నాయో ఆ వయసు, 72 నెలలు వచ్చిందనుకుందాం. రికార్డు ప్రకారం 8 ఏళ్లు, అంటే 96 నెలలు. అమెరికా మనస్తత్వవేత్త టెర్మన్ 1916లో వాడుకలోకి తెచ్చిన సూత్రం ప్రకారం 72ను 96తో భాగించి 100తో హెచ్చవేస్తే ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) 75. నిజానికి వాడు పుట్టింది ఏడాది తర్వాత అయితే 84 నెలలే. అప్పుడు 86. అదే పిల్లవాడు, అవే జవాబులు. 75 చూసి ప్రత్యేక బడికి పంపమనేవాళ్లు 86 చూస్తే ఆ మాటే ఎత్తరు.

వెక్స్‌లర్ 1939 నుంచి భాగహారం మానేసి, అదే వయసువాళ్ల సగటును 100గా పెట్టి పోల్చాడు. అక్కడా బెడద తప్పదు, తప్పు వయసు తప్పు పట్టికకు (ఆ వయసువాళ్ల మార్కులతో పోల్చే పట్టికకు) తీసుకెళ్తుంది. కాబట్టి టీకాల కార్డు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం అడగండి. రెండూ లేకపోతే తల్లిని అడగండి. శ్రావణమాసం రెండో శుక్రవారం అనో, దసరాకు ముందు అమావాస్య అనో చెబుతుంది. ఆ ఏటి పంచాంగం తీస్తే తేదీ దొరుకుతుంది.

ఇక అంకెలు. ఫ్రాన్స్‌లో బినే, సిమోన్ తయారుచేసిన 1905 నాటి ప్రజ్ఞా పరీక్షలోనే విన్న అంకెలను తిరిగి చెప్పించడం ఉంది. పద్ధతి తెలిసిందే: చెప్పిన వరుసలోనే ఒక భాగం, వెనక నుంచి ఒక భాగం, ఒక్కో పొడవుకు రెండు వరుసలు, రెండూ తప్పితే ఆ భాగం ఆపేయాలి. వరుస మొత్తం సరిగ్గా చెబితేనే మార్కు, అర మార్కులు లేవు.

అందరూ చెడగొట్టేది చదివే తీరులో. సెకనుకు ఒక అంకె. 6, 1, 9, 4, 7 అని చదవాల్సినచోట మనకు ఫోన్ నంబరు చెప్పే అలవాటు కొద్దీ ‘ఆరు ఒకటి తొమ్మిది’ అని ఒక గుక్కలో, కాస్త ఆగి ‘నాలుగు ఏడు’ అని వస్తుంది. అప్పుడు పిల్లవాడు మోయాల్సింది ఐదు అంకెలు కాదు, రెండు మూటలు. మూట కట్టే పని వాడు చేయాలి, మీరు చేసిపెడితే మీరు కొలిచింది వాడి జ్ఞాపకం కాదు. ‘అరవై ఒకటి’ అని జంటగా కలపడం ఇంకా ఘోరం. ప్రతి అంకెకూ ఒకే బరువు, ఒకే ఎడం. చివరి అంకె దగ్గర మాత్రం గొంతు కాస్త దించాలి, వరుస అయిపోయిందని వాడికి అదే గుర్తు. మళ్లీ చెప్పమంటే చెప్పకూడదు. తల ఊపకూడదు, ‘శభాష్’ అనకూడదు, పెదవులతో అంకెలు కదపకూడదు. వెనక నుంచి చెప్పే భాగంలో నమూనా తప్పితే సరిదిద్దవచ్చు, అసలు వరుసలో కాదు.

భాష విషయం తేలిగ్గా తీసుకోకండి. వెల్ష్ (బ్రిటన్‌లోని వేల్స్ భాష), ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ల మీద 1980లో ఎలిస్, హెనెలీ చేసిన పరిశోధనలో, పలకడానికి ఎక్కువసేపు పట్టే వెల్ష్ అంకెలు తక్కువ గుర్తున్నాయి. మన ‘ఎనిమిది’, ‘తొమ్మిది’ ‘ఎయిట్’, ‘నైన్’ కన్నా పొడవు. ఇంగ్లీషు పిల్లలకు కట్టిన పట్టికతో తెలుగులో అడిగిన అంకెలను కొలిస్తే పిల్లవాడికి అన్యాయం. ఏ భాషలో అడిగారో నివేదికలో రాయండి, మధ్యలో మార్చకండి.

రెండు భాగాల మార్కులు కలిపి ఒక్క అంకె రాసేయడం నాకు ఇష్టం లేదు, విడిగా కూడా రాయండి. ముందుకు చెప్పడానికి విన్నది పట్టుకుంటే చాలు. వెనక్కి చెప్పాలంటే పట్టుకుని ఉంచుతూనే తిప్పాలి. ముందుకు ఆరు చెప్పి వెనక్కి రెండు దగ్గరే ఆగిపోయే పిల్లల సంగతి మొత్తం మార్కులో కనబడదు.

అభ్యాసం: అసలు పరీక్ష వరుసలు వాడకండి, బయటికి పొక్కితే పరీక్షే పాడవుతుంది. సొంతంగా 3 అంకెల నుంచి 9 అంకెల దాకా, ఒక్కో పొడవుకు రెండు చొప్పున 14 వరుసలు రాసుకోండి. 1 నుంచి 9 వరకే, ఒక వరుసలో ఏ అంకే రెండుసార్లు రాకూడదు, 4, 5, 6 లాంటి వరుస క్రమం గానీ 2, 4, 6 లాంటి సరిసంఖ్యల మెట్లు గానీ ఉండకూడదు. ఫోన్‌లో మెట్రోనోమ్ (సమాన ఎడంతో టిక్కుమనే యాప్) నిమిషానికి 60కి పెట్టి రెండుసార్లు చదవండి, తర్వాత అది ఆపేసి రికార్డు చేయండి. 9 అంకెల వరుసలో మొదటి అంకె మొదలైన క్షణం నుంచి చివరిది మొదలయ్యే దాకా 8 సెకన్లు రావాలి. అర సెకను తేడా వచ్చినా 14 వరుసలూ మొదటి నుంచి మళ్లీ చదవండి.