పన్నెండు గుడ్లు పెడితే నాలుగే పిల్లలా? పెరటి కోళ్ల పొదుగు, పెంపకం: సమస్యలు - పరిష్కారాలు

మా పెరట్లో పందెం జాతి అసీల్, కాళ్లతో సహా ఒళ్లంతా నల్లగా ఉండే కడక్‌నాథ్, వనరాజా మూడు రకాల కోళ్లూ ఉన్నాయి. పొదిగేది మాత్రం నాటు పెట్టే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా గుడ్లు బాగానే పెడుతుంది కానీ పొదుగు మీద కూర్చోదు. కడక్‌నాథ్ కూర్చున్నా నిలకడ తక్కువ. అందుకే నాటు పెట్ట కింద వేరే రకాల గుడ్లు పెడుతుంటాను. పోయిన మే నెలలో అలా పొదిగించిన 12 గుడ్లలో నాలుగే పిల్లలయ్యాయి. మిగిలిన ఎనిమిదీ దిబ్బలో పారేయబోతుంటే మా అత్తగారు ఆపి, "పగలగొట్టి చూడమ్మా, లోపలేముందో" అన్నారు. అప్పటినుంచి పొదగని ప్రతి గుడ్డునీ పగలగొట్టి చూస్తున్నాను. పిల్ల ఏ దశలో ఆగిపోయిందో తెలిస్తే తప్పెక్కడ జరిగిందో తెలుస్తుంది.

సొన మామూలుగానే ఉంది, పిల్ల జాడే లేదు

నాకొచ్చిన ఎనిమిదిలో ఇలాంటిది ఒక్కటే. అది పుంజు తొక్కని (జతకట్టని) పెట్ట పెట్టిన గుడ్డు. ఒక పుంజుకు 8 నుంచి 10 పెట్టలకు మించి ఉంటే ఇలాంటివి పెరుగుతాయి. ఏడో రోజు రాత్రి గుడ్డు లావుపాటి కొస దగ్గర సెల్‌ఫోన్ లైటు పెట్టి చూడండి. సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టే. ఏమీ లేకుండా వెలుగు మొత్తం బయటికి వస్తే తీసేయండి. ఉంచితే మురిగి, పగిలి, పక్క గుడ్లనీ పాడు చేస్తుంది.

లోపల సన్నటి నెత్తుటి గీత

ఐదు గుడ్లు ఇలాగే తేలాయి. దారం చుట్టినట్టు గుండ్రటి ఎర్ర గీత, మధ్యలో చిన్న మచ్చ. జీవం మొదలై మూడు నాలుగు రోజుల్లోనే ఆగిపోయిందన్నమాట. ఇందులో పెట్ట తప్పేమీ లేదు. పొదుగుకు ముందు నేను గుడ్లు దాచిన పద్ధతే తప్పు. వంటింటి అటక మీద బుట్టలో పది రోజులు పోగేశాను. వేడి 27 డిగ్రీలు దాటితే పెట్ట కూర్చోకపోయినా గుడ్డులో పిల్ల కట్టడం మొదలవుతుంది. ఆ వేడి దానికి సరిపోదు, నిలకడగానూ ఉండదు. కొంత ఎదిగి, నీరసించి చచ్చిపోతుంది. మన ఎండాకాలంలో ఏ గది 27కి దిగుతుంది?

ఇప్పుడు వెడల్పు మూతి కుండలో సగం దాకా ఇసుక పోసి తడుపుతున్నాను. దానిమీద మడత పెట్టిన గోనెపట్టా, ఆ పట్టా మీద గుడ్లు, సన్న కొస కిందికి ఉండేలా. మూతికి పల్చటి గుడ్డ కడతాను. కుండ నీడలో, గాలి ఆడేచోట ఉండాలి. ఇసుక ఆరితే నీళ్లు చిలకరించాలి కానీ ఆ తడి గుడ్డుకు తగలకూడదు. ఎండాకాలంలో నాలుగైదు రోజులు, చలికాలంలో వారం, అంతకు మించి దాచకండి. పెట్టిన గుడ్డును మధ్యాహ్నం ఎండ ముదరకముందే తీసుకోండి. మురికిగా ఉందని కడగొద్దు. పెంకు మీది పొర పోతే క్రిములకు దారి దొరుకుతుంది.

పిల్ల పూర్తిగా ఎదిగి, పెంకులోనే చచ్చిపోయింది

మిగిలిన రెండూ ఇవే. ఈకలతో, ముక్కుతో సహా ఉన్న పిల్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. నా విషయంలో జరిగింది ఇది: పొదుగు మీద కూర్చున్న పెట్ట గూట్లోకి వేరే పెట్టలు దూరి గుడ్లు పెట్టాయి. ముందు పెట్టినవి 21వ రోజున పిల్లలవగానే తల్లి లేచిపోయింది. వెనక పెట్టినవి చల్లబడిపోయాయి. గుడ్లన్నీ ఒకే రోజు పెట్టి, ప్రతిదాని మీదా పెన్సిల్‌తో గీత గీయండి. గీత లేని గుడ్డు కనిపిస్తే అదే రోజు తీసేయండి. వనరాజా గుడ్లు పెద్దవి కాబట్టి నాటు పెట్ట కింద ఎనిమిది తొమ్మిది చాలు.

గుడ్లు పొదిగే యంత్రం (ఇంక్యుబేటర్)లో ఇలా జరిగితే తేమ చూడండి. ఫ్యాన్ ఉన్నదాంట్లో వేడి 37.5 డిగ్రీలు, తేమ 18 రోజుల దాకా 50-55 శాతం, తర్వాత 65-70 శాతం ఉండాలి. 18వ రోజు నుంచి గుడ్లు తిప్పొద్దు, మూత తీయొద్దు. పెంకుకు చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి పూర్తిగా ఒక రోజు పడుతుంది. ఆత్రపడి పెంకు ఒలిస్తే నెత్తురు కారి చచ్చిపోతుంది.

పెట్ట మాటిమాటికీ గూడు వదిలేస్తోంది

ముందు రెక్కల కింద చూడండి, చాలాసార్లు పేలు పట్టడమే కారణం. గూట్లో పాత గడ్డి తీసి కాల్చేసి, బూడిద చల్లి, ఎండుగడ్డి మార్చండి. పెట్ట పొర్లాడ్డానికి బూడిద కలిపిన పొడి మట్టి పక్కనే పెట్టండి.

కడక్‌నాథ్ గుడ్డులోంచి తెల్లకాళ్ల పిల్ల వచ్చింది

గుడ్డు అమ్మినవాళ్లు మోసం చేశారని తొందరపడొద్దు. ఒకసారి వేరే రకం పుంజు తొక్కితే రెండు మూడు వారాల దాకా పెట్టలో ఆ బీజం ఉంటుంది. అసలు జాతి కావాలంటే పెట్టల్ని వేరుచేసి, కడక్‌నాథ్ పుంజునే వదిలి, మూడు వారాల తర్వాత గుడ్లు పోగెయ్యండి. కడక్‌నాథ్ గుడ్డు నల్లగా ఉంటుందన్న మాట మాత్రం నమ్మకండి, అది లేత గోధుమ రంగే.

పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి, కొన్ని ఎదగట్లేదు

అసీల్ పిల్లకు పోట్లాట పుట్టుకతో వస్తుంది. వనరాజా పిల్ల తొందరగా పెరిగి మేత దగ్గర మిగతావాటిని తోసేస్తుంది. రెండూ కలిసిన గుంపులో కడక్‌నాథ్ పిల్ల నలిగిపోతుంది. మొదటి రెండు వారాలు కలిపి ఉంచినా, ఆ తర్వాత అసీల్‌ను విడిగా మరో గంప కింద పెట్టండి. మేత తొట్టెలు రెండు పెట్టండి. నూకలొక్కటే వేస్తే ఈకలు సరిగా రావు, మొదటి నెల స్టార్టర్ మేత (చిన్న పిల్లల కోసం అమ్మే మేత) తప్పనిసరి. బల్బు కింద గుట్టగా చేరితే చలి, నోరు తెరిచి దూరంగా నిలబడితే వేడి. బల్బును దించడం, ఎత్తడం దాన్ని బట్టే.

రెట్టలో నెత్తురు, లేదా మెడ వంకర

మూడు నుంచి ఆరు వారాల పిల్లల రెట్టలో నెత్తురు పడితే అది రక్తపారుడు. తడిసిన ఊకే మూలం. ఊక మొత్తం మార్చి, పశువైద్యులు చెప్పిన మోతాదులో ఆంప్రోలియం మందు నీళ్లలో కలిపి ఇవ్వండి. మెడ తిరిగిపోయి పచ్చగా పారుకుంటుంటే కొక్కెర తెగులు, దానికి మందు లేదు. అది రాకుండా ఏడో రోజు లసోటా టీకా కంటి చుక్క, 28వ రోజు మళ్లీ లసోటా, ఎనిమిది వారాలకు ఆర్‌2బి టీకా సూది వేయించాలి. ఒక్కో సీసాలో వంద డోసులకు తక్కువ ఉండవు, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. మేం నాలుగిళ్ల వాళ్లం కలిసి, ఐసు ముక్కల మధ్య తెచ్చుకుని ఒకే సాయంత్రం అందరి పిల్లలకూ వేస్తాం.