బొమ్మ రైలు హోటల్లో కడుపునిండా తినాలంటే

హైదరాబాద్ కూకట్‌పల్లిలోని ప్లాట్‌ఫాం 65 లాంటి, వంటకాలను బొమ్మ రైలు టేబుల్ దగ్గరికి తెచ్చే రైలు హోటళ్లకు మనవళ్లు లాక్కెళితే పెద్దవాళ్లు సాధారణంగా రెండు పనులు చేస్తారు. అక్కడ బండి వస్తుంటే వీడియో తీస్తారు. ఇంటికొచ్చాక పెరుగన్నం కలుపుకుంటారు. కాస్త చూసుకుంటే ఆ రెండో పని తప్పించుకోవచ్చు. నేను రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరు పెద్దదైంది, పని మాత్రం పాతదే. ఏ సరుకు దారిలో ఎలా కుదుపులకు గురవుతుందో చూసే అలవాటు నాకింకా పోలేదు. ఈ హోటళ్లలో ఆ అలవాటే అక్కరకొస్తుంది.

ముందు వేళ సంగతి. ఆదివారం మధ్యాహ్నం వద్దే వద్దు. ఊళ్లో పిల్లల పుట్టినరోజులన్నీ ఆ వేళకే వచ్చి పడతాయి. రైలు కూతకు తోడు కేకు కోసే కేకలు, వంటగదిలో తొక్కిసలాట. పనిరోజుల్లో పన్నెండున్నరకో, సాయంత్రం ఏడు లోపో వెళ్లండి. ఫోను చేసి టేబుల్ రాయించుకుంటే మేలు. కారు మానేసి మెట్రోలో వెళ్లండి. సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు అమీర్‌పేటలో దిగి మియాపూర్ బండి ఎక్కాలి.

టేబుల్ ఎంచుకునే అవకాశం ఉంటే వంటగదికి దగ్గరగా ఉన్నదే అడగండి. ఒకే లైను మీద నాలుగైదు టేబుళ్లుంటే, ముందు టేబుల్ వాళ్లు ఫొటోలు ముగించేదాకా మీ వేపుడు వెనక నిలబడి చల్లారుతుంది. స్టేషన్ ముందు ఔటర్ సిగ్నల్ దగ్గర బండి ఆపేశారని ప్రయాణికులు మమ్మల్ని ఎందుకు తిట్టేవారో మా ఆవిడకు అక్కడే బోధపడింది.

ఇక అసలు విషయం, ఏం చెప్పాలి అన్నది. దానికి ముందు ఒకసారి పట్టాలు వంపు తిరిగే చోట నిలబడి చూడండి. అసలు రైలు మార్గంలో వంపు దగ్గర బయటి పట్టాను కాస్త ఎత్తుగా వేస్తారు. దాన్ని మేము కాంట్ అంటాం. బండి బయటికి ఒరగకుండా అది కాపాడుతుంది. నేను చూసిన బొమ్మ లైనులో ఆ ఎత్తు లేదు. ముద్దపప్పు గిన్నె ఒకటి ఆ వంపులోకి వచ్చింది. పైన తేలుతున్న నెయ్యి మెల్లగా బయటి అంచుకు చేరి, అక్కడ క్షణం ఆగి, గిన్నె అంచు దాటి వ్యాగన్ లోకి జారింది. పప్పు కదల్లేదు. నెయ్యి మాత్రం దక్కలేదు.

కాబట్టి పొడిగా ఉండేవన్నీ బండిలో రానివ్వండి. చికెన్ 65, అపోలో ఫిష్, మొక్కజొన్న వేపుడు, రొట్టెలు హాయిగా ప్రయాణం చేస్తాయి. రసం, పప్పుచారు, సూపు, పులుసు మాత్రం వద్దు. ఆర్డర్ తీసుకునే కుర్రాడితో, “నాయనా, రసం బండిలో వద్దు, నువ్వే తెచ్చిపెట్టు” అని చెబితే ఎవరూ కాదనరు. బిర్యానీ చెబితే హండీలో కాకుండా పళ్లెంలో పెట్టించమనండి; దించుకోవడం తేలిక.

అన్నీ ఒకేసారి చెప్పకండి. పట్టాలకు పోగా టేబుల్ మీద మిగిలే చోటు తక్కువ. మొదటి విడతలో పిల్లల సరదా కోసం రెండు వేపుళ్లు చాలు. బండి రెండుసార్లు వచ్చి వెళ్లాక పిల్లల మోజు తీరుతుంది. అప్పుడు తెల్లన్నం, పప్పు, అప్పడాలు, పెరుగు చెప్పండి. అలాంటి చోటికి వెళ్లి పప్పన్నమా అని మా కోడలు నవ్వింది. తర్వాత ఆ గిన్నె తనే ఖాళీ చేసింది. పేరు చూస్తే ఏ దేశానిదో తెలియని వంటకాల జోలికి నేను పోను. వంటగది రోజూ వండే వంట ఏదో అడిగి అదే తింటాను.

“బండి ఎంతసేపు ఆగుతుంది?” అని ముందే అడగండి. ఆగాక రెండు చేతులతో పళ్లెం ఎత్తాలి. కదులుతున్న వ్యాగన్ మీద చెయ్యి వేయకూడదు. చిన్నపిల్లలను పట్టాల వైపు కూర్చోబెట్టవద్దు. ఫోను పట్టాల మీద అసలే పెట్టవద్దు.

రైలు విసుగొస్తే ఊళ్లో జైలులా అలంకరించిన మండీ హోటళ్లున్నాయి. ఊచల మధ్య కూర్చోబెట్టి ఖైదీ దుస్తుల్లో వడ్డించే సరదా నాకు నచ్చదు, మనవడు మాత్రం సంబరపడతాడు. మండీ అంటే అన్నం, మాంసంతో చేసే యెమెన్ వంట. నిజాం సైన్యంలోని అరబ్బుల వారసులుండే బార్కస్‌లో ఇంత హంగు లేకుండానే దొరుకుతుంది. కారం తక్కువ, కాబట్టి టమాటా పచ్చడి మరికాస్త అడగండి. ఒకే పెద్ద పళ్లెంలో అందరూ తినాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద కూర్చునే గదులు కాకుండా కుర్చీలున్న చోటు అడగాలి. అసలు బోగీలోనే కూర్చోవాలనుకునేవాళ్లకు కాచిగూడ ఉంది. 1916 నాటి ఆ స్టేషన్ ఆవరణలో 2023లో పాత బోగీలను హోటలుగా మార్చారు. అక్కడ బండి కదలదు, రసం భయం లేదు.

బిల్లు వచ్చాక కళ్లజోడు పెట్టుకోండి. మామూలు హోటల్లో జీఎస్టీ 5 శాతం. దాని పైన సర్వీస్ ఛార్జీ అని మరో వరుస ఉంటే తీసేయమని అడగండి. దాన్ని బిల్లులో తమంతట తామే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మాటను సమర్థించింది. ఒకచోట మేనేజరు బండి నడిపే ఖర్చని నాకు సర్దిచెప్పబోయాడు. బండి నడిపే ఖర్చు సంగతి నాతోనా! వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 మాట ఎత్తగానే ఆ వరుస పోయింది. వడ్డించిన కుర్రాడికి ఇవ్వాలనుకున్నది నేరుగా అతని చేతికే ఇవ్వండి.

మిగిలిన వేపుడూ బిర్యానీ కట్టించుకోండి. పెరుగన్నం మాత్రం అక్కడే తినేయండి. ఎండాకాలంలో అది అమీర్‌పేట దాటేలోపే పులుస్తుంది.