ఇల్లు కట్టే ఒప్పందంలో చెప్పింది ఒకటి, కట్టింది ఒకటి: సమస్య - పరిష్కారం

సమస్య: చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకున్న ఇంటికి చివరి బిల్లు లక్షల్లో పెరిగింది.

కారణం: ఏ అడుగును లెక్కలోకి తీసుకోవాలో ఒప్పందంలో లేదు. యజమాని గోడల మధ్య నేలనే లెక్క వేసుకుంటాడు; కాంట్రాక్టరు శ్లాబు అంచు నుంచి అంచు వరకు టేపు పట్టి, బాల్కనీని, మెట్లను, మెట్ల గది పైకప్పును కూడా కలుపుకుంటాడు. నెల్లూరులో స్థలాన్ని అంకణాల్లోనూ (అంకణానికి 72 చదరపు అడుగులు), కట్టుబడిని చదరపు అడుగుల్లోనూ చెప్పుకోవడం వల్ల ఈ తికమక ఇంకా పెరుగుతుంది.

పరిష్కారం: పని మొదలుకాక ముందే ప్లాను మీద లెక్కలోకి వచ్చే భాగాలకు రంగు వేసి, బాల్కనీకి సగం రేటా, పూర్తి రేటా అన్నది పక్కనే రాసి, ఇద్దరూ సంతకం చేయాలి. తగాదా వచ్చేసి ఉంటే, కాంట్రాక్టరుకు ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, లైసెన్సున్న ఇంజనీరుతో కొలతలు తీయించి నివేదిక తీసుకోవాలి. అతను రాకపోయినా పిలిచినట్టు ఆధారం మిగులుతుంది.

సమస్య: చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు అన్నారు. తీరా పరిచాక, నల్లటి రాయి మీద నిండుగా ఉండాల్సిన బంగారు చుక్కలు అక్కడొకటి, ఇక్కడొకటి కనిపిస్తున్నాయి.

కారణం: ఒప్పందంలో ఉన్న మాట "మంచి రకం గ్రానైటు" మాత్రమే. ఇలాంటి తగాదాల్లో ఎక్కువ భాగం ఈ "మంచి రకం" దగ్గరే పుడతాయని నా అభిప్రాయం. ఇసుక, కడ్డీ, తలుపుల టేకు, అన్నిటికీ ఇదే మాట వాడతారు.

పరిష్కారం: నమూనా పలక వెనక ఇద్దరూ సంతకం చేసి, దాన్ని యజమాని దగ్గరే ఉంచుకోవడం ఉత్తమం. అది లేకపోతే కొటేషను, కరపత్రం, వాట్సాప్ సందేశాలు వెతకాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 19వ సెక్షను ప్రకారం, తప్పుడు మాట నమ్మి సంతకం చేసినవారు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు, లేదా ఆ మాట నిజమై ఉంటే తాము ఏ స్థితిలో ఉండేవారో ఆ స్థితి కల్పించమని అడగవచ్చు. పైకప్పు వేయడం కూడా అయిపోయిన ఇంటికి రద్దు వల్ల ఒరిగేదేమీ లేదు కాబట్టి రెండో దారే పనికొస్తుంది. ఫోను సందేశాలను కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతచేయాలి. అందుకే ఆ ఫోనును అమ్మకండి, సందేశాలను చెరపకండి.

సమస్య: ఫిర్యాదు పెడితే "ఇది మా పరిధి కాదు" అని తిప్పి పంపారు.

కారణం: సొంత స్థలంలో ఒక్క ఇల్లు కట్టించుకున్నవారు రెరాకు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) వెళ్లడం. 2016 నాటి రెరా చట్టం ఉన్నది వెంచర్లలో, అపార్ట్‌మెంట్లలో కొన్నవారి కోసం. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టినవారికి దాని 12వ సెక్షను పరిహారం ఇప్పిస్తుంది. పోలీసు స్టేషనుకు వెళ్తే సాధారణంగా వినిపించే జవాబు "ఇది సివిల్ తగాదా" అన్నదే.

పరిష్కారం: డబ్బు తీసుకుని ఇల్లు కట్టిపెట్టడం సేవ కిందికి వస్తుంది కాబట్టి, నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటకూడదు. 5 లక్షల లోపైతే రుసుము లేదు. గడువు, వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలు. కాంట్రాక్టరు "వచ్చే నెల సరిచేస్తా" అంటూ తిప్పుతుంటే ఆ గడువే కరిగిపోతుంది. కాబట్టి అతనితో మాటలు సాగుతున్నా, అందినట్టు రుజువు ఇచ్చే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఆ రుజువును ఒప్పందం కాగితాలకే కుట్టి ఉంచాలి.