అక్వాపోనిక్స్ కొత్తగా పెడుతున్నారా, ముందు ఏ మొక్కలు వేయాలంటే

అనంతపురంలో మిద్దె మీద చేపల ట్యాంకు పెట్టి ఆ నీళ్లతోనే కూరగాయలు పెంచుదాం అనుకునేవాళ్లు మొదట్లోనే టమాటా, క్యాప్సికమ్ జోలికి పోకండి. వాటికి తిండి ఎక్కువ కావాలి, కొత్త ట్యాంకులో చేపలేమో చిన్నవి, బ్యాక్టీరియా ఇంకా కుదురుకోలేదు, అది చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాని మొక్కకి తిండయ్యే నైట్రేట్‌గా మార్చే స్థాయికి రావడానికే మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, అప్పటిదాకా మొక్కకి దక్కేది తక్కువే.

ఆకుకూరలతో మొదలుపెట్టండి. తోటకూర, గోగాకు, బచ్చలి మన ఎండకి తట్టుకుంటాయి. పాలకూర, కొత్తిమీర చలికాలానికి ఉంచుకోండి, ఏప్రిల్‌లో వేస్తే ఆకు సరిగ్గా రాకముందే పూతకి పోతాయి, లెట్యూస్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. పుదీనా కొమ్మ గుచ్చితే చాలు వచ్చేస్తుంది, కానీ దాని వేర్లు పైపుల్లోకి దూరి నీళ్లు ఆపేస్తాయి, అందుకే వేరే చిన్న టబ్‌లో పెట్టుకోవడం మేలు. ముల్లంగి, క్యారెట్ వద్దు, మట్టి బదులు వాడే కంకరలో గడ్డ వంకర్లు పోతుంది.

ఇంకోటి, మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదేరి, క్షారగుణంతో ఉంటాయి కదా, పీహెచ్ (నీళ్ల ఆమ్ల-క్షార గుణం కొలత) 7.5 దాటితే ఐరన్ ఉన్నా మొక్క సరిగ్గా తీసుకోలేదు. లేత ఆకు పసుపురంగుకి తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయంటే చాలాసార్లు ఇదే, ఈడీడీహెచ్‌ఏ రకం చీలేటెడ్ ఐరన్ (ఇలాంటి నీళ్లలోనూ మొక్క తీసుకోగలిగే రూపంలోని ఇనుము) కొద్దిగా కలపండి. పురుగు పడిందని మందు మాత్రం కొట్టొద్దు, చేపలు చచ్చిపోతాయి, వేపనూనె కూడా ట్యాంకులో పడనీయొద్దు, చేత్తో ఏరేయడమే.

రెండు మూడు కోతలు అయ్యాక టెస్ట్ కిట్‌లో నైట్రేట్ నిలకడగా కనిపిస్తుంటే అప్పుడు మిరప, వంకాయ, టమాటా వేసుకోండి.