లైంగిక దాడికి గురైన కళాశాల విద్యార్థినులకు సహాయం: ఆసుపత్రి, పోలీసు ఫిర్యాదు, కళాశాల కమిటీ, పరిహారం కోసం దరఖాస్తు విధానం

గోదావరి డెల్టాలో రాజోలు, ముమ్మిడివరం, ఆచంట, మొగల్తూరు వంటి ఊళ్ల నుంచి బయలుదేరి కాకినాడ, భీమవరం, రాజమహేంద్రవరం, అమలాపురం హాస్టళ్లలో ఉండి చదువుకునే విద్యార్థినుల కోసం ఈ వివరణ రాస్తున్నాను. వారి స్నేహితులూ తల్లిదండ్రులూ కూడా చదవాలని నా కోరిక. లైంగిక దాడి జరిగిన తరువాత వెళ్లవలసిన చోట్లు నాలుగు: ఆసుపత్రి, పోలీసు స్టేషన్, కళాశాలలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. ఒకచోట పని పూర్తయితేనే రెండోచోట తీసుకుంటారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వైద్యానికి ఎఫ్‌ఐఆర్ అక్కరలేదు, ఎఫ్‌ఐఆర్‌కు వైద్యుని నివేదిక ముందుగా ఉండనక్కరలేదు, కళాశాల కమిటీ పోలీసుల దర్యాప్తు ముగిసేదాకా ఆగనక్కరలేదు. పరిహారానికి మాత్రం ఎఫ్‌ఐఆర్ నకలు కావాలి గాని, కోర్టు తీర్పు కోసం ఎదురుచూడనక్కరలేదు.

ముందుగా ఆసుపత్రి

ప్రమాదం ఇంకా పొంచి ఉంటే 112కు, తోడుగా ఎవరైనా కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయాలి. 181 సిబ్బంది దగ్గరలోని సఖి వన్ స్టాప్ కేంద్రానికి కలుపుతారు. అక్కడ వైద్యసహాయం, కౌన్సెలింగ్, న్యాయసలహా, పోలీసు సహాయం, కొద్దిరోజుల వసతి ఒకేచోట ఉచితంగా దొరుకుతాయి.

దర్యాప్తు, విచారణ పద్ధతులను చెప్పే చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షన్ ప్రకారం, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి అయినా, అమలాపురం ఏరియా ఆసుపత్రి అయినా, ఊళ్లోని ప్రైవేటు నర్సింగ్ హోం అయినా, అత్యాచార బాధితురాలికి వెంటనే ఉచితంగా చికిత్స చేయవలసిందే. చేయకపోతే ఆసుపత్రి బాధ్యులకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. “ముందు స్టేషన్‌కు వెళ్లి కాగితం తీసుకురండి” అని తిప్పి పంపే అధికారం ఎవరికీ లేదు. ఆసుపత్రివారు పోలీసులకు సమాచారం ఇవ్వడం మాత్రం తప్పనిసరి. ఆ సమయంలో ఫిర్యాదు చేసే స్థితిలో మీరు లేకపోతే ఆ మాటనే కేసు షీటులో రాయమని అడగవచ్చు. అందువల్ల చికిత్స ఆగదు.

వైద్యంలో గంటలు లెక్కకు వస్తాయి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులను 72 గంటలలోపు, వీలైనంత త్వరగా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా ఇచ్చే అత్యవసర మాత్ర 72 గంటలలోపు బాగా పనిచేస్తుంది, 120 గంటల వరకు కొంత ప్రయోజనం ఉంటుంది. హెపటైటిస్-బీ, ధనుర్వాతం టీకాల గురించి కూడా అడగాలి. ఈ కారణంగానే, ఫిర్యాదు చేయాలా వద్దా అన్న ఆలోచనను పక్కన పెట్టి, మొదటి రోజే ఆసుపత్రికి వెళ్లమని గట్టిగా చెబుతాను. గర్భం వస్తే, చట్టం 24 వారాల వరకు తొలగించుకోవడానికి అనుమతిస్తుంది. 18 ఏళ్లు నిండిన స్త్రీ విషయంలో ఆమె సమ్మతి ఒక్కటే చాలు, తల్లిదండ్రుల సంతకం అడగకూడదు.

సాక్ష్యం సేకరించే పరీక్ష మీ సమ్మతితోనే జరగాలి. అందులో ఏ భాగాన్నయినా మీరు వద్దనవచ్చు. యోనిలో వేళ్లు పెట్టి చూసే ‘రెండు వేళ్ల పరీక్ష’ను సుప్రీంకోర్టు 2013లో తప్పుపట్టింది, 2022లో దాన్ని చేసేవారు దుష్ప్రవర్తనకు బాధ్యులవుతారని చెప్పింది. అలాంటి పరీక్షకు మీరు ఒప్పుకోనక్కరలేదు. వీలైతే స్నానం చేయకముందే వెళ్లడం మంచిది. ఆనాటి దుస్తులను ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టి తీసుకెళ్లాలి, ప్లాస్టిక్ కవరులో చెమ్మ పట్టి సాక్ష్యం పాడవుతుంది. స్నానం చేసేసినా, బట్టలు ఉతికేసినా, నాలుగు రోజులు గడిచినా వెళ్లండి. గాయాల నమోదు, చికిత్స, మీరు చెప్పిన వివరాల నమోదు అప్పటికీ జరుగుతాయి. వెంట వెళ్లే స్నేహితురాలు మార్చుకునే బట్టలు తీసుకెళ్లడం మరచిపోకూడదు.

పోలీసు ఫిర్యాదు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురంలో దిగితే జిల్లా మారిపోతుంది. ఎదుర్లంక వంతెన దాటి యానాం చేరితే పుదుచ్చేరి పరిధి వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం కూడా వేర్వేరు జిల్లాల కేంద్రాలయ్యాయి. రాజోలు అమ్మాయి భీమవరంలో చదువుతూ ఉండగా రాజమహేంద్రవరంలో దాడి జరిగిందనుకుందాం. ఏ స్టేషన్‌కు వెళ్లాలి? ఆమెకు దగ్గరగా ఉన్న ఏ స్టేషన్‌కైనా వెళ్లవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకుని నమోదు చేయవలసిందే. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. పరిధి ఉన్న స్టేషన్‌కు దాన్ని పంపే పని పోలీసులది, మీది కాదు.

ఫిర్యాదును నోటితో చెప్పవచ్చు, రాసి ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజులలోపు వెళ్లి సంతకం చేయాలి. మీ సమాచారాన్ని మహిళా అధికారి నమోదు చేయాలి. రాసినదాన్ని మీకు చదివి వినిపించాలి, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. నకలు చేతికి రాకుండా స్టేషన్ నుంచి బయటికి రాకండి, తరువాతి దరఖాస్తులన్నిటికీ అదే ఆధారం. రాసేటప్పుడు తేదీ, సమయం, స్థలం, నిందితుడు తెలిసినవాడైతే అతని పేరు, జరిగిన క్రమం మీ మాటల్లోనే ఉండాలి. ఏదైనా గుర్తులేకపోతే గుర్తులేదనే రాయాలి. ఊహించి పూరించిన వివరం తరువాత కోర్టులో ఇబ్బంది పెడుతుంది. ఆలస్యమైతే దానికి కారణం ఒక వాక్యంలో చెప్పాలి: భయపడ్డాను, ఇంట్లో చెప్పలేకపోయాను, పరీక్షలు జరుగుతున్నాయి, ఏది నిజమో అది.

వాంగ్మూలాన్ని మీ ఇంట్లో గాని, మీరు కోరుకున్న చోట గాని, తల్లిదండ్రులో దగ్గరివారో సామాజిక కార్యకర్తో పక్కన ఉండగా తీసుకోవాలి. సమాచారం అందిన 24 గంటలలోపు పోలీసులు వైద్యపరీక్షకు పంపాలి. మెజిస్ట్రేట్ ఎదుట ఇచ్చే వాంగ్మూలాన్ని వీలైనంతవరకు మహిళా మెజిస్ట్రేటే నమోదు చేస్తారు. దర్యాప్తు రెండు నెలల్లో ముగియాలి, దాని పురోగతిని 90 రోజులలోపు మీకు తెలియజేయాలి.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే, దాన్నే రాతపూర్వకంగా జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రశీదు దాచుకోవాలి. అక్కడా స్పందన లేకపోతే మెజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఇలాంటి ఫిర్యాదును నమోదు చేయని అధికారికి నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలలకు తక్కువ కాని కఠిన కారాగార శిక్ష ఉంది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. మన వైపు “పెద్దమనుషుల్లో పెడదాం, పిల్ల భవిష్యత్తు చూడాలి కదా” అంటూ వచ్చేవారు ఉంటారు. అత్యాచారం రాజీకి వీలులేని నేరం. ఊరి పెద్దలు కూర్చుని తెల్లకాగితం మీద రాయించిన ఒప్పందం కేసును మూయించలేదు. అలాంటి కాగితం మీద సంతకం చేయవద్దు, మీ తల్లిదండ్రులనూ చేయనివ్వవద్దు.

ఇంటర్మీడియట్ చదివేవారిలో చాలామందికి 18 ఏళ్లు నిండవు. అప్పుడు పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది, విషయం తెలిసిన లెక్చరరైనా వార్డెనైనా పోలీసులకు చెప్పడం చట్టరీత్యా తప్పనిసరి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. పరిహారాన్ని ప్రత్యేక కోర్టు ఆదేశిస్తుంది.

కళాశాల కమిటీకి దరఖాస్తు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2015 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షత వహించాలి, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదు అయితే విద్యార్థి ప్రతినిధులూ ఉండాలి. నిందితుడు తోటి విద్యార్థి గాని, అధ్యాపకుడు గాని, సిబ్బంది గాని అయితే ఈ దారి చాలా ఉపయోగపడుతుంది. కోర్టు శిక్ష వేసేలోగా, రేపు ఉదయం అదే తరగతి గదిలో అతని ఎదుట కూర్చోవలసిన అవసరం లేకుండా చేయగలిగేది ఈ కమిటీయే. మగ విద్యార్థులూ, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులూ కూడా లైంగిక వేధింపులకు గురికావచ్చని ఈ నిబంధనలు గుర్తించాయి. వారూ సంకోచించకుండా కమిటీని ఆశ్రయించాలి.

ఘటన జరిగిన మూడు నెలలలోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం చూపితే కమిటీ మరో మూడు నెలలు గడువు పెంచవచ్చు. రాయలేని స్థితిలో ఉంటే కమిటీవారే రాయడానికి సహాయపడాలి. బాధితురాలు శారీరకంగా గాని మానసికంగా గాని ముందుకు రాలేనప్పుడు బంధువులో స్నేహితులో ఆమె తరఫున ఇవ్వవచ్చు. నమూనా ఇలా ఉండవచ్చు:

“అంతర్గత ఫిర్యాదుల కమిటీ అధ్యక్షురాలికి. నేను ఫలానా కోర్సు రెండో సంవత్సరం విద్యార్థినిని. ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా వ్యక్తి నాపై లైంగిక దాడి చేశాడు. జరిగిన వివరాలను విడి కాగితంపై జతపరిచాను. విచారణ ముగిసేవరకు అతన్ని నా తరగతికీ, హాస్టల్ పరిసరాలకూ దూరంగా ఉంచవలసిందిగా, నా ప్రాక్టికల్స్, ఇంటర్నల్ మార్కులలో అతని ప్రమేయం లేకుండా చూడవలసిందిగా, నాకు సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.”

ఈ చివరి వాక్యాన్ని చాలామంది రాయరు. అడిగితేనే కమిటీ తాత్కాలిక ఉపశమనం సిఫారసు చేయగలదు కాబట్టి తప్పక రాయాలి. హోదాకూ ప్రయోజనాలకూ భంగం లేకుండా మూడు నెలల వరకు సెలవు ఇచ్చే వీలు నిబంధనల్లోనే ఉంది. ఫిర్యాదు అందినట్టు తేదీ వేసిన సంతకం తీసుకోవాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి, ఆపై పది రోజుల్లో నివేదిక యాజమాన్యానికి చేరాలి, 30 రోజుల్లో చర్య జరగాలి. డబ్బు ఇచ్చి సర్దుబాటు చేయించడాన్ని నిబంధనలు ఒప్పుకోవు. పోలీసు ఫిర్యాదు చేయాలనుకుంటే అందుకు సాయపడటం కూడా కమిటీ బాధ్యతే.

పరిహారం, ఉచిత న్యాయవాది

ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చింది. ఫోన్ నంబరు 15100. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు రాజమహేంద్రవరం, ఏలూరు జిల్లా కోర్టుల వద్ద ఉన్నాయి. అంతదూరం వెళ్లలేనివారు తమ ఊరి కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయ సేవాధికార కమిటీలో అడగవచ్చు.

సుప్రీంకోర్టు 2018లో ఆమోదించిన మహిళా బాధితుల పరిహార పథకం ప్రకారం అత్యాచారానికి 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయల వరకు, సామూహిక అత్యాచారానికి 5 లక్షల నుంచి 10 లక్షల వరకు పరిహారం ఉంటుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇచ్చే దరఖాస్తు ఫారానికి ఎఫ్‌ఐఆర్ నకలు, ఉంటే వైద్య నివేదిక, గుర్తింపు పత్రం, బ్యాంకు ఖాతా వివరాలు జతచేయాలి. చికిత్సకూ ప్రయాణాలకూ వెంటనే డబ్బు అవసరమైతే మధ్యంతర సాయం కావాలని దరఖాస్తులోనే రాయాలి. ఘటన జరిగిన నాటి నుంచి గాని, కేసు విచారణ ముగిసిన నాటి నుంచి గాని మూడేళ్లలోపు దరఖాస్తు చేసుకోవచ్చు. తిరస్కరిస్తే 30 రోజులలోపు రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు అప్పీలు చేసుకోవాలి.

బాధితురాలు షెడ్యూల్డ్ కులానికో తెగకో చెందినవారై, నిందితుడు ఆ వర్గాలవాడు కాకపోతే, ఎఫ్‌ఐఆర్‌లో 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు కూడా చేర్చారో లేదో చూసుకోవాలి. చేర్చకపోతే వెంటనే రాతపూర్వకంగా అడగాలి. ఆ కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. 2016లో సవరించిన నిబంధనల ప్రకారం అత్యాచారానికి 5 లక్షల రూపాయల సాయం విడిగా ఉంది. అందులో సగం వైద్యపరీక్ష, నిర్ధారణ నివేదిక తరువాతే అందాలి, పావు వంతు చార్జిషీటు కోర్టుకు వెళ్లినప్పుడు, మిగిలింది విచారణ ముగిశాక అందాలి.

బాధితురాలి పేరునూ గుర్తుపట్టే వివరాలనూ బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల వరకు శిక్ష ఉంది. వాట్సాప్ గ్రూపులో కళాశాల పేరు, బ్రాంచి, ఊరు కలిపి రాసినా గుర్తుపట్టేలా చేసినట్టే. కాబట్టి ప్రతి దరఖాస్తునూ అతికించిన కవరులో, పైన “గోప్యం” అని రాసి, అటెండర్‌కు కాకుండా నేరుగా సంబంధిత అధికారి చేతికే ఇవ్వండి. నిద్రపట్టక, తిండి సహించక, చదువు మీద మనసు నిలవక ఇబ్బంది పడుతున్నప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.