ధ్రువప్రాంత బ్యాక్టీరియా లోహ సహనాన్ని గోదావరి డెల్టాలో పరీక్షించే విధానం

కాకినాడ, అమలాపురం కళాశాలల్లో సూక్ష్మజీవశాస్త్రం చదువుతూ, ధ్రువప్రాంత బ్యాక్టీరియా సీసం, కాడ్మియం వంటి భారలోహాలను ఎంతవరకు తట్టుకోగలదో పరీక్షించదలచినవారు ముందుగా మన ఎండను లెక్కలోకి తీసుకోవాలి. అచ్చమైన శీతలప్రియ బ్యాక్టీరియా 15 డిగ్రీల సెల్సియస్ లోపు చక్కగా పెరిగి, 20 దాటితే ఎదుగుదల ఆపేస్తుంది. కాబట్టి చండీగఢ్‌లోని ఎంటీసీసీ వంటి సూక్ష్మజీవుల భాండాగారం నుంచి తెప్పించిన కల్చర్‌ను (పెంచిన బ్యాక్టీరియాను) మంచులోనే ఉంచి, పెట్రీ డిష్‌లనూ ద్రావణాలనూ ముందే ఫ్రిజ్‌లో చల్లబరచుకోవాలి. వేడి అగార్‌లో (చల్లారితే జెల్లీలా గట్టిపడే పదార్థంలో) కలిపి పోసే పద్ధతి వీటిని చంపేస్తుంది గనుక, గట్టిపడిన అగార్‌పైనే పరచాలి.

సూడోమోనాస్, సైక్రోబాక్టర్, ఆర్థ్రోబాక్టర్ వంటి వేర్వేరు ప్రజాతులను తీసుకుంటే పోలికకు వీలుంటుంది. పరిశ్రమలే లేని మంచులో లోహమెక్కడిదన్న సందేహం సహజమే. పాదరసం ఆవిరిగా ఖండాలు దాటి వెళుతుంది. ఆర్కిటిక్ వసంతంలో సూర్యుడు తిరిగి కనిపించాక బ్రోమిన్ చర్యల వల్ల మంచుపైకి దిగుతుంది. గాలిలో అది అలా హఠాత్తుగా తగ్గిపోవడాన్ని కెనడాలోని అలర్ట్‌లో 1995 నాటి కొలతల్లో గుర్తించారు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ మాధ్యమానికి, అంటే బ్యాక్టీరియాను పెంచే పోషక మిశ్రమానికి దక్కాలి. అందులోని పెప్టోన్ (ప్రోటీన్ ముక్కల పోషకం) రాగిని పట్టి ఉంచుతుంది, ఫాస్ఫేట్ సీసాన్ని అవక్షేపంగా మారుస్తుంది, ఉప్పులోని క్లోరైడ్ కాడ్మియంతో జతకడుతుంది. అందువల్ల పోషకాలు దండిగా ఉన్న అగార్‌పై ఏ బలహీన బ్యాక్టీరియా అయినా మహా సహనశీలిగా కనిపించవచ్చు. కోరింగ మడ అడవుల బురదలోనూ ఇదే జరుగుతుంది: ఆక్సిజన్ లేని పొరల్లో పుట్టే సల్ఫైడ్ లోహాలను బంధిస్తుంది కనుక, బురదలో ఉన్న మొత్తం లోహం జీవికి తగలదు. కాబట్టి ఫాస్ఫేట్ తక్కువగా, పోషకాలు పలుచగా ఉన్న మాధ్యమాన్ని వాడి, దాని కూర్పును ఫలితం పక్కనే రాయాలి. మాధ్యమమూ ఉష్ణోగ్రతా చెప్పని సహన సంఖ్యకు నా దృష్టిలో విలువ లేదు.

లోహ ద్రావణాన్ని 0.22 మైక్రాన్ల వడపోతతో శుద్ధిచేసి, ఆటోక్లేవ్‌లో (అధిక పీడన ఆవిరితో) శుద్ధిచేసిన అగార్ గట్టిపడకముందే కలిపి, 0.125 మిల్లీమోలార్ నుంచి రెట్టింపు చేస్తూ 2 వరకు డిష్‌లు పోసి, లోహం లేని డిష్‌ను తప్పక జతచేయాలి. 4 డిగ్రీల వద్ద ఎదుగుదలకు వారాలు పడుతుంది. లోహం లేని డిష్‌లో కాలనీలు స్పష్టంగా కనిపించకముందే ఫలితం చదివితే, చలివల్ల కలిగిన ఆలస్యాన్ని విషప్రభావంగా పొరబడతాం. ఎదుగుదలను పూర్తిగా ఆపిన అతి తక్కువ గాఢతే కనిష్ఠ నిరోధక గాఢత.

కొత్తవారు పాదరసం జోలికి పోకపోవడమే మంచిది. పాదరసాన్ని మార్చే మెర్‌ఎ అనే ఎంజైమ్ ఉన్న బ్యాక్టీరియా దాన్ని ఆవిరిగా మార్చి గాలిలోకి వదులుతుంది కనుక ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటకు లాగే గూడు) లేకుండా ఆ ప్రయోగం చేయరాదు. కాడ్మియం, సీసం కలిసిన డిష్‌లను విడిగా సీల్ చేసి ప్రమాదకర వ్యర్థాలను సేకరించేవారికే అప్పగించాలి. డెల్టాలో సింకులో పోసిన నీరు మురుగు కాలువలోకీ, అక్కడి నుంచి చేపల చెరువుల్లోకీ చేరగలదు.